జంఫీరా కోసం కట్టిన పాట

నేను ఒక వయొలిన్‌ని. రొమేనియా కొండల దేవదారుతో నన్ను చేసిన వడ్రంగి, నా కడుపులో కాగితం అంటించి తన పేరు రాసుకున్నాడు. చెక్క కోసినవాడికి పేరుంటుంది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

నన్ను కొన్నది గ్రిగోరె, జిప్సీ. పెళ్ళిళ్ళలో, చావుల్లో వాయించడం వాళ్ళ కులవృత్తి. పాటకు అతన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళే అన్నానికి గుమ్మం బయట కూర్చోబెట్టేవాళ్ళు. భార్య జంఫీరా పోయిన రోజు అతను కమానులోంచి ఒక గుర్రపు వెంట్రుక తెంపి, నా లావుపాటి తీగకు ముడివేసి, గుగ్గిలం రాసిన వేళ్ళతో మెల్లగా లాగాడు. నేను మూలిగాను. ఆ విద్య వాళ్ళలో పాతదే, బాణీ మాత్రం అతని సొంతం. కానీ ఎవరడిగినా, "నాది కాదు, జంఫీరాది" అనేవాడు, వెర్రిబాగులవాడు.

నగరం నుంచి వచ్చిన గిటారిస్టు డోరిన్ అది విని ఎగిరి గంతేశాడు.

"అచ్చం బ్లూసే తాతా, అమెరికా నల్లవాళ్ళ శోకపాట! మా బ్యాండులోకి వచ్చెయ్!"

వెళ్ళాం. బ్లూస్ గిటారు, పల్లె పాట, జిప్సీ వయొలిన్ కలిసేసరికి జనం వెర్రెత్తిపోయారు. నిజం చెప్పొద్దూ, నేనూ పొంగిపోయాను. ఆ శోకానికి డ్రమ్ములు తగిలించి చిందుల పాట చేశారు. గ్రిగోరె పళ్ళబిగువున ఓర్చుకున్నాడు.

రికార్డు వచ్చింది. చదువురాని గ్రిగోరె అట్ట మీది అక్షరాలు ఎవరిచేతో చదివించుకున్నాడు. 'పాట: డోరిన్.'

"జంఫీరా పేరేదిరా?"

"నీది కాదని నువ్వే అన్నావుగా తాతా? పోయినవాళ్ళ పేరెలా వేస్తారు?"

"నాది కాదన్నా. నీదన్నానట్రా?"

ఆ తర్వాత అతను ఆ పాట ముట్టలేదు. ఒక్కటే కోరాడు: "నన్ను పూడ్చేటప్పుడు వాయించండి. డ్రమ్ములొద్దు."

వాయిద్యగాడు పోతే, అతనికిష్టమైన పాటను అతని వాయిద్యం మీదే వినిపించి సాగనంపడం వాళ్ళ ఆచారం. గ్రిగోరెను పూడ్చిన రోజు డోరిన్ నన్ను అందుకుని వెంట్రుక ముడివేశాడు. డ్రమ్ములు పెట్టలేదు. బాగానే వాయించాడు, అదే నా ఏడుపు. రికార్డు విన్న జనం ఇట్టే గుర్తుపట్టారు. ముందు పాదాలు కదిలాయి, తర్వాత గోతి పక్కనే చప్పట్లు మొదలయ్యాయి.

"ముసలాడిది ఎంత అదృష్టమమ్మా! డోరిన్ బాబు తన సొంత పాటతో సాగనంపాడు," అంది ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ. డోరిన్ వినయంగా తల వంచాడు.

ఇప్పుడు నేను డోరిన్ గోడకు వేలాడుతున్నాను. వడ్రంగి పేరు నా కడుపులో చెక్కుచెదరలేదు. వెంట్రుక కూడా అలాగే ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ డోరిన్ దాన్ని చూపించి, ఈ విద్య తను కనిపెట్టిందేనని చెబుతాడు.