పొలిమేర నడక

హెలెన్ మేడం ఊళ్ళో ఉన్నవి నలభై ఇళ్ళే. ఆ నలభై ఇళ్ళకీ వెయ్యేళ్ళ చరిత్ర ఉందట. ఇంగ్లండులోని ఆ పల్లె పేరు లాల్ అహ్మద్‌కి ఇప్పటికీ నోరు తిరగదు గానీ, దాని కథ మాత్రం కంఠతా వచ్చేసింది. రియాద్‌లో ఆమె పాఠాలు చెప్పే బడికి అతను డ్రైవరు. శుక్రవారం వస్తే ఆమెను ఎడారి అంచుకి తీసుకెళ్తాడు. ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి ఊరి కథ ఎత్తుకుంటుంది. మహమ్మారి వచ్చి సగం ఊరు తుడిచిపెట్టుకుపోయిందట. మిగిలినవాళ్ళు గొర్రెలు పెంచి, ఉన్ని అమ్మి, చర్చికి గంట కొన్నారట. ఆ గంట ఇప్పటికీ మోగుతోందట. చెప్పిందే చెప్పినా అతనికి విసుగు రాదు. ఊరున్నవాళ్ళ మాట వినడానికైనా బాగుంటుంది మరి.

అతనికి ఊరు లేదు. కడప జిల్లాలో అతని పల్లె రిజర్వాయరులో మునిగిపోయింది. కిందటి సెలవులో కూతురు మెహక్‌ని చంకనేసుకుని ఊరంతా తిప్పాడు. అతను మళ్ళీ రియాద్ శివారు సులైలో తన గది చేరిన ఏడాదే నీళ్ళొచ్చాయి. భార్య హాజిరా సామానంతా ఆటోకెత్తి కొత్త కాలనీకి మారింది. అతనికి మళ్ళీ సెలవు దొరకనేలేదు; మెహక్ ఇప్పుడు బడికి పోతోంది. దానికి ఊరు ఇసుమంతైనా గుర్తులేదు. లాల్ అహ్మద్‌కి గొంతులో ముల్లు అదే.

ఓ శుక్రవారం మేడం కొత్త సంగతి చెప్పింది. కాగితాలు లేని కాలంలో, ఏడాదికోసారి వాళ్ళ ఊరు ఊరంతా పొలిమేర చుట్టూ నడిచేదట. హద్దురాయి వచ్చిన ప్రతిచోటా పిల్లల్ని పట్టుకుని తలను రాయికి తాకించేవారట, పెద్దయ్యాక హద్దు మరిచిపోకుండా.

"మేమూ నడిచేవాళ్ళం మేడం. జాతరప్పుడు మా ఊరి చెంచయ్య గంపలోంచి అన్నం తీసి పొలిమేర వెంట చల్లుతుంటే, మేమంతా వెనకాల పరిగెత్తేవాళ్ళం," అన్నాడు. ఆ జాతరలో దూదేకుల పిల్లలకేం పనని ఎవరూ అడగలేదు.

"అయితే మీ అమ్మాయిని నడిపించు."

"ఎక్కడ మేడం, నీళ్ళ మీదా?"

ఆమె చుట్టూ చూసింది. "ఇక్కడ స్థలానికేం కరువు?"

వయసు మళ్ళిన ఆ తెల్లావిడ, కొంగలా వంగి రాళ్ళేరడం మొదలెట్టింది. పెద్దరాయి పీర్ల చావిడి అయింది. వరసగా పేర్చినవి వీధులయ్యాయి. చుట్టూ పొలిమేర గీసి లాల్ అహ్మద్ ఇంటికి వీడియో కాల్ చేశాడు.

"మెహక్, సూడమ్మా, ఇదే మనూరు. ఇది ఇస్సాక్ అంగడి..."

"ఇస్సాక్ అంగడి ఎత్తేసి శానా ఏండ్లాయ," అంది వెనకనుంచి హాజిరా. "ఆడ సిమెంటు రోడ్డు పడింది."

"ఇది మనిల్లు. ఇట్ల తూర్పుకు వాకిలి..."

"వాకిలి ఉత్తరానికి తిప్పుకుంటిమి కదా! నువ్వు పంపిన దుడ్లతోనే!"

లాల్ అహ్మద్ చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. సెలవుకెళ్ళిన ప్రతిసారీ చుట్టంలా తిని, చుట్టంలా పడుకుని వచ్చేశాడు; పిల్లనెత్తుకుని తిరిగినా కళ్ళకి పాత ఊరే ఆనింది. అతను పేర్చింది పెళ్ళికి ముందు ఊరు. నీళ్ళు రాకముందే అది చెయ్యిజారిపోయింది. నీళ్ళని తిట్టుకుంటూ ఇన్నాళ్ళూ ఆ సంగతే చూసుకోలేదు.

పిల్లకి రాళ్ళమీద మోజు అప్పుడే తీరిపోయింది. "నాయినా, మా కాలనీ సూపిస్తా, ఉండు," అంటూ ఫోను పట్టుకుని వీధిలోకి ఉరికింది. రెండువైపులా ఒకే అచ్చు సిమెంటు ఇళ్ళు. "మనిల్లు యాదో చెప్పు!"

వీడియోలో రోజూ లోపలి గోడలే చూశాడు గానీ ఇంటి ముఖం ఎన్నడూ చూడలేదు.

"ఆ నీలం తలుపుదా?"

"కాదు!"

"బకెట్టు పెట్టింది?"

"అది అఫ్రీన్ వాళ్ళది!" పిల్ల పకపకా నవ్వింది. ఇంకో రెండిళ్ళు తప్పు చెప్పాక నవ్వు ఆగింది. ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

"నీకు నిజంగానే తెల్దా నాయినా?"

"తెల్దమ్మా."

పిల్ల ఫోనుని వీధి చివర బస్సాగే చోటు వైపు తిప్పింది.

"అయితే నువ్వొచ్చినప్పుడు బస్సు దిగి ఆడనే నిలబడు. యాటికీ పోవద్దు. నేనొచ్చి పిల్చుకపోతా."

లాల్ అహ్మద్ సరేనన్నాడు.