పడమటి కిటికీల డ్రాయింగు

“కర్టెన్లూ బ్లైండ్లూ ఆడవాళ్ళకి తెలిసినట్టు మనకెక్కడ తెలుస్తాయయ్యా! భాగ్యరేఖ చూసుకుంటుందిలే,” అన్నారు కంపెనీ యజమాని యజ్ఞనారాయణగారు. అక్కడితో మీటింగు ముగిసింది. మగవాళ్ళు ఏడుగురూ కుర్చీలు వెనక్కి జరుపుకుని లేచారు. భాగ్యరేఖ మాత్రం ఖాళీ టీ గ్లాసుల మధ్య ఇంకాసేపు కూర్చుండిపోయింది.

ఆమెకు నవ్వొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ జీవితంలో ఆమె ఒక్క కర్టెన్ కూడా ఎంచలేదు. నందిని మైన్స్ కాలనీలో పుట్టింట్లో కిటికీలకు అమ్మ పాత చీరలు కట్టేది. పెళ్ళయి భిలాయి వచ్చాక అత్తగారు నూకాలమ్మ ఎంచిన ఎర్ర గులాబీల పరదాలే ఇప్పటికీ ఉన్నాయి. ఒకసారి మారుద్దామంటే భర్త రాజేశ్, “ఉన్నవాటికేటైంది? నీకెందుకా గొడవ,” అన్నాడు. ఇంట్లో లేని తెలివి ఆఫీసులో అడుగుపెట్టగానే ఎక్కడినుంచి ఊడిపడుతుందో! హథ్‌ఖోజ్‌లోని ఈ ఫ్యాబ్రికేషన్ యూనిట్ డ్రాయింగ్ సెక్షన్లో ఆమె చేరి తొమ్మిదేళ్ళు. చేతిలో మెకానికల్ డిప్లొమా ఉంది. కన్వేయర్ల మీదికి ఖనిజం పోసే హాపర్లు గీస్తుంది, అది జారే షూట్లు గీస్తుంది. అయినా విశ్వకర్మ పూజకి ముగ్గు ఆమే వెయ్యాలి, వచ్చినవాళ్ళకి స్వీట్లు ఆమే సర్దాలి, ఎవరి పుట్టినరోజుకైనా కేకు ఆమే కొయ్యాలి. “లేడీస్ టచ్ ఉండాలి కదా మేడమ్,” అంటాడు సెక్షన్ హెడ్ సతీష్‌కుమార్. ఆఫీసు కొత్తగా పై అంతస్తుకి మారినప్పుడు నీడ పట్టున ఉన్న సీట్లన్నీ ముందే నిండిపోయాయి. ఆమెకి పడమటి కిటికీ మిగిలింది. మధ్యాహ్నం రెండు దాటితే స్క్రీను మీద గీత కనపడదు. చున్నీ తీసి కిటికీకి క్లిప్పులు పెట్టి, ఆ నీడలో తల వంచుకుని పని చేస్తుంది.

ఆ సాయంత్రం పప్పుకి తిరగమోత పెడుతూ ఈ సంగతి ఇంట్లో చెప్పింది.

“పువ్వులున్నయి ఎంచమ్మా. కళకళ్లాడతాయి,” అంది నూకాలమ్మ.

“పరదాలకి ఆలోచనేటి? గంటలో ఐపోద్ది. ఆదివారం వంట చేసేసి సుపేలా బజారుకి ఎళ్ళి చూసిరా,” అన్నాడు రాజేశ్ ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

మామగారు గణపతిరావు పేపరు తిరగేశాడు. స్టీలు ప్లాంటులో రిటైరయ్యాక ఆయన మాట్లాడేది తక్కువ.

వంట చేసేసే వెళ్ళింది. షాపులో మనోజ్‌కుమార్ అనే కుర్రకారు ఉత్సాహమున్న నడివయసు మనిషి, రంగురంగుల ముక్కలు కౌంటరు మీద పరిచాడు. యజ్ఞనారాయణగారికి ముదురు గోధుమరంగు కావాలి, షోరూములా ఉంటుందట. “ఇది తీసుకోండి దీదీ, బ్లాక్అవుట్. ఏక్‌దమ్ అంధేరా!” అన్నాడు మనోజ్. “చీకటి చేసుకుని పగలంతా లైట్లు వేసుకోవాలా భయ్యా?” అంటూ ఆమె ఆ గుడ్డని షాపు అద్దానికి ఎండ తగిలేలా పట్టుకుంది. రెండు నిమిషాలు ఆగి వెనకవైపు అరచెయ్యి ఆనించింది. అట్లపెనంలా కాలుతోంది. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేశాక ఆపితే ఏం లాభం? వెలుతురు ఆగుతుంది గానీ వేడి గదిలోనే ఉంటుంది కదా.

“సర్‌ని అడిగి చెప్తారా?” అన్నాడు మనోజ్.

“సర్‌ని కాదు భయ్యా, సూర్యుణ్ణి అడగాలి,” అంది. అతను పెద్దగా నవ్వి శాంపిళ్ళు సంచిలో వేసిచ్చాడు.

నిజంగానే అడిగింది. సోమవారం నుంచి మూడు రోజులు, గంటగంటకీ ఎండ ఎక్కడిదాకా వచ్చిందో నేలమీద సుద్దముక్కతో గీసి పక్కన టైము రాసింది. “ఏమిటిది, తొక్కుడుబిళ్ళా?” అని సతీష్‌కుమార్ అందరికీ వినపడేలా అడిగాడు. మామూలుగా అయితే ఆమె మొహం ఎర్రబడేది. ఈసారి గీతల మీద ధ్యాసలో ఆ మాట చెవికి ఆలస్యంగా చేరింది, చేరాక కూడా పెద్దగా తగల్లేదు. ఎంత హాయిగా ఉంది! ఎవరో ఇచ్చిన కొలతలకి గీత గియ్యడం వేరు, తనే ప్రశ్న వేసుకుని తనే జవాబు వెతుక్కోవడం వేరు. రాత్రి రొట్టెలు కాలుస్తున్నా, తెల్లారి టిఫిన్ డబ్బాలు కడుతున్నా సూర్యుడు బుర్రలో పడమటికి నడుస్తూనే ఉన్నాడు. బుధవారం బస్సులో కూర్చోగానే జవాబు తట్టింది. ఎండని ఆపాల్సింది గదిలో కాదు, గోడ బయట. కింద షెడ్డులో తుక్కు రేకులు కుప్పలుగా పడున్నాయి. వాటిని నిలువు పట్టీలుగా కోసి, ఉత్తరం వైపు తిప్పి కిటికీల బయట బిగిస్తే ఎండ రాదు, వెలుతురు వస్తుంది. లోపల పల్చటి తెల్ల రోలర్ బ్లైండ్ ఒకటి చాలు.

రెండు రోజుల్లో డ్రాయింగు పూర్తయింది. షీటు కింద మూలన గళ్ళు ఉంటాయి, గీసినవారు, డిజైన్ చేసినవారు, సరిచూసినవారు అని. తొమ్మిదేళ్ళుగా ‘గీసినవారు’ దగ్గర తన పేరు, ‘డిజైన్’ దగ్గర సతీష్‌కుమార్ పేరు ఆమే టైపు చేస్తోంది, ఆలోచన తనదైనా సరే. అది పద్ధతి అని మొదటి రోజే చెప్పారు, ఆమె మళ్ళీ అడగలేదు. ఇప్పుడు కర్సరు ‘డిజైన్’ గడిలో కొట్టుకుంటోంది. ఆమె గుండె కూడా కొట్టుకుంది. కె. భాగ్యరేఖ అని టైపు చేసి, మనసు మారేలోపు ప్రింటు తీసేసింది.

యజ్ఞనారాయణగారు షీటు బల్లమీద పరుచుకుని చాలాసేపు చూశారు. “బ్లైండ్లు ఎంచమంటే గోడకి రెక్కలు కట్టావేమమ్మా!” అన్నారు. కానీ కళ్ళు డ్రాయింగు మీంచి తీయలేదు.

సతీష్‌కుమార్ భుజం మీదుగా వంగి చూసి ఆ గడి మీద వేలు పెట్టాడు. “మేడమ్, ఇది పొరపాటున పడింది. డిజైన్లో హెడ్ పేరు రావాలి. ఫార్మాలిటీ అంతే.”

భాగ్యరేఖ షీటు చేతిలోకి తీసుకుంది. ఊ అని తీసుకెళ్ళి మార్చేస్తే అయిపోతుంది. ఆ ఊ నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“తప్పకుండా మారుస్తాను సర్. పట్టీలు నలభై అయిదు డిగ్రీలు కాకుండా అరవై ఎందుకు తిప్పామో మీరు చెప్పండి, చాలు,” అంది.

సతీష్‌కుమార్ డ్రాయింగు చూశాడు. కిటికీ చూశాడు. “అంటే... ఎండ ఎక్కువ కాబట్టి...”

“జూన్‌లో సూర్యుడు ఉత్తరానికి జరిగి దిగుతాడు. నలభై అయిదు పెడితే సాయంత్రం సందుల్లోంచి దూరిపోతాడు సర్,” అంది.

యజ్ఞనారాయణగారు పకపకా నవ్వారు. పెన్ను తీసి డ్రాయింగు మీద సంతకం చేస్తూ, “ఆ పేరలాగే ఉంచు సతీష్. వచ్చేవారం కొత్త హాపర్ కూడా ఆవిడే డిజైన్ చేస్తుంది,” అన్నారు. సతీష్‌కుమార్ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడోరోజు రేకు పట్టీలు బిగించాక ఆమె సీటు దగ్గరకొచ్చి, “ఇక్కడే చల్లగా ఉందే,” అంటూ పక్కనే ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ శుక్రవారం సాయంత్రం గణపతిరావు కుమ్హారిలో స్నేహితుణ్ణి చూసి వస్తూ కోడల్ని ఎక్కించుకెళదామని స్కూటరు ఆఫీసు ముందు ఆపాడు. హారను విని ఆమె చివరి మెట్టు దాకా దిగేసరికి ఆయన తలెత్తి గోడకేసి చూస్తున్నాడు.

“ఎవలు సేసినారమ్మా ఇది? పనితనం ఉంది.”

“నేనే మావయ్యా. డిజైన్ నాదే.”

“నువ్వా? ఆపీసులో టైపు కొడతావనుకున్నాను కదేటి!”

“కాదు మావయ్యా, మిషన్లకి డిజైన్లు చేస్తాను. తొమ్మిదేళ్ళుగా.”

ఆయన కాసేపు పట్టీలకేసీ, కోడలికేసీ మార్చి మార్చి చూశాడు. “మంచిదమ్మా, మంచిది,” అన్నాడు, స్కూటరు స్టాండు తీస్తూ. “పద, ఎల్దాం. మీ అత్త గుడికెల్లిపోయింది. వంట సూడాల.”

ఆమె ఆ చివరి మెట్టు దిగలేదు.

“ఇవాళ రాలేను. హాపర్ మొదలుపెట్టాను, ఎనిమిదవుతుంది. కూర రాజేశ్ చేస్తాడు, ఫోన్ చేసి చెప్పేశాను. అన్నం మీరు పెట్టెయ్యండి.”

“నానా? నాకేటి తెలుసు?”

“ముప్పై ఆరేళ్ళు బ్లాస్ట్ ఫర్నేస్ నడిపారు మావయ్యా. కుక్కర్ నడపలేరా?”

గణపతిరావు ఉన్నట్టుండి భుజాలు కదిలేలా నవ్వి స్కూటరు తన్నాడు. గేటు దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి అరిచాడు.

“విజిల్సు ఎన్నమ్మా?”

“మూడు,” అంది భాగ్యరేఖ, మెట్లెక్కుతూ.