కారణం రాయకపోతే మార్కుల్లేవు

ఆ అమ్మాయిని క్లాసులో అందరూ అనుమానప్పక్షి అని పిలిచేవాళ్లు. ఎవరైనా ఫోన్ చేసి బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటే చాలు, ఎదురు ప్రశ్నలతో వాళ్ల ప్రాణం తోడేసే రకం. ఇంకో చోటయితే అది తిట్టు. వాళ్లకు పాఠం చెప్పే మేడమ్ దగ్గర మాత్రం అంతకు మించిన మెప్పు లేదు. కంప్యూటర్లకు కాపలా కాసేవాళ్లకు అనుమానమే కూడు పెడుతుందని ఆమె గట్టి నమ్మకం.

మేడమ్ పనిచేసేది ఒక పెద్ద కంపెనీలో, కంప్యూటర్ల కాపలా గదిలో. కిటికీలు లేని గది, గోడ నిండా తెరలు, ఎముకలు కొరికే ఏసీ. ఎవరు పాస్‌వర్డ్ పదేపదే తప్పు కొట్టినా, ఎవరు వేళకాని వేళ ఫైళ్లు కాపీ చేసుకున్నా తెర మీద హెచ్చరిక పడుతుంది. వచ్చినవాడు దొంగా, లేక ఉత్త మతిమరుపు మనిషా అని తేల్చడం కొత్తగా చేరినవాళ్ల పని. ఆ గదిలో అందరూ ఎక్కివచ్చిన మొదటి మెట్టు అదే, మేడమ్‌తో సహా.

సెలవు రోజుల్లో ఆమె కాలేజీకి వెళ్లి పిల్లలకు ఈ విద్య నేర్పేది. పాత హెచ్చరికల్లో మనుషుల వివరాలు తీసేసి సాధనకు ఇచ్చేది. జవాబులు నింపడానికి కంపెనీ మేనేజరే ఒక వెబ్ పేజీ తయారుచేయించి ఇచ్చాడు. "ఊరికే టిక్కులు పెట్టిస్తే ఏం లాభం మేడమ్? ఎందుకలా అనుకున్నారో కూడా రాయించండి, బుర్ర పదునెక్కుతుంది" అన్నాడు. ఎంత మంచివాడో అని మేడమ్ మురిసిపోయింది. కారణం రాయకపోతే మార్కుల్లేవని క్లాసులో హుకుం జారీ చేసింది.

మిగతా పిల్లలు ఏదో రాశామనిపించేవాళ్లు. పక్షి మాత్రం మనుషుల్ని పక్కన కూర్చుని చూసినట్టు రాసేది. ఆ జవాబులు చదువుతుంటే మేడమ్‌కి కడుపు నిండిపోయేది.

ఈలోగా పక్షికి ఒక మందుల షాపులో బిల్లింగ్ ఉద్యోగం వచ్చింది. బట్టలు కుట్టి సంసారం లాక్కొస్తున్న వాళ్లమ్మ మెళ్లో టేపుతోనే కాలేజీకి పరిగెత్తుకొచ్చింది.

"చేతికొచ్చిన పని వదులుకోమంటారా మేడమ్? నాకేమో ఈ కంప్యూటర్ల సంగతి తెలీదు."

"మా గదిలో ట్రైనీ సీటు ఖాళీ అవుతోందమ్మా. మీ అమ్మాయిని కాదని ఎవరికిస్తారు? నా పూచీ."

ఆ ఒక్క మాట మీద ఆ తల్లి గుండె మీద చెయ్యి వేసుకుని వెళ్లిపోయింది. మందుల షాపులో ఇంకెవరో చేరిపోయారు.

ఇంటర్వ్యూ రోజున పక్షి, తల్లి కుట్టిన కొత్త చొక్కా వేసుకుని వచ్చింది. మేడమ్, పక్షి లోపలికి వెళ్లేసరికి మేనేజర్ మొహం వెలిగిపోతోంది.

"రండి రండి! మీకే చెబుదామనుకుంటున్నాను. హెచ్చరికల వడపోతకి ఇక మనుషులతో పనిలేదు మేడమ్. కొత్త సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అంతా మీ పిల్లల చలవే!"

"మా పిల్లలా?"

"మన పేజీలో రాశారుగా, ఆ జవాబులతోనే దానికి నేర్పించాం. అందులో ఒకరి జవాబులైతే బంగారం."

"మరి ట్రైనీ సీటు?"

"ఇంకెందుకు మేడమ్ అది?" అన్నాడు మేనేజర్. వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

అతను ఉత్సాహంగా తెర ఇటు తిప్పాడు. కొత్త హెచ్చరిక ఒకటి పడింది. కన్ను మూసి తెరిచేలోపు కింద తీర్పు వచ్చింది: "దొంగ కాదు. పాస్‌వర్డ్ మార్చుకున్న మర్నాడు చెయ్యి పాతదానికే పోతుంది."

పక్షి వంగి చదివింది. "ఈ మాట నాదే మేడమ్" అంది మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు, కాస్త గర్వం కూడా ఉంది. లోకంలో ప్రతివాడినీ అనుమానించమని నూరిపోసిన మేడమ్, పిల్లల జవాబులు ఎక్కడికి పోతున్నాయని ఒక్కనాడూ అడగలేదు. తన చేత్తోనే మెట్టు ఊడబీకి, ఎక్కమని పిల్లను తీసుకొచ్చింది. ఆ తల్లికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? నా పూచీ అన్న నోటితో ఇప్పుడేమనాలి?

"బాధపడకమ్మా" అన్నాడు మేనేజర్. "ఇంట్లో కూర్చునే ఇంకొన్ని జవాబులు రాసిపెట్టు. మంచి సర్టిఫికెట్ ఇప్పిస్తాను."

మేడమ్ పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసింది.

లిఫ్ట్ దగ్గర పక్షి గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. ఏడుస్తుందేమో, నిలదీస్తుందేమో అని మేడమ్ బిక్కచచ్చిపోయి ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది. పక్షి ముక్కు తుడుచుకుని, ఫోన్ తీసి, రాసుకోవడానికి ఖాళీ పేజీ తెరిచింది.

"సరే మేడమ్, ఇది పోయింది. ఇప్పుడేం నేర్చుకోమంటారు?"

లిఫ్ట్ వచ్చింది, తలుపులు తెరుచుకుని మూసుకుపోయాయి. పక్షి బొటనవేలు తెర మీద పెట్టుకుని, ఏ అనుమానమూ లేకుండా, మేడమ్ మొహంలోకే చూస్తూ నిలబడింది.