బడి కంచె దాటిన వారం

ఆర్డిస్ లూమిస్ పొద్దున్నే కారు దిగగానే చేసే మొదటి పని బడి ఎక్కడుందో చూసుకోవడం. హారో క్రీక్ బడి రోజుకి జానెడు తూర్పుకి జరుగుతుంది. వాన పడితే ఇంకాస్త ఎక్కువ. నెబ్రాస్కా ఇసుక నేలలో పుట్టి పెరిగినవాళ్ళకి అదేం పెద్ద సంగతి కాదు. నీళ్ళకి పొడవాటి రబ్బరు గొట్టం తగిలించారు, బస్సు డ్రైవరు నెలకోసారి మలుపు మార్చుకుంటాడు, అంతే.

ఆర్డిస్ మూడో తరగతి టీచరు. ఇరవయ్యేళ్ళు ధాన్యం గోదాములో గుమాస్తాగా చేసి, నలభై ఆరో ఏట బళ్ళోకొచ్చింది. ఉన్నది తాత్కాలిక లైసెన్సు. మూడేళ్ళలో తొమ్మిది పీజీ క్రెడిట్లు పూర్తి చేస్తేనే అది ఖాయమవుతుంది. ఆరయ్యాయి. మిగిలిన మూడూ ఈ జూన్ ముగిసేలోగా అవ్వాలి. యూనివర్సిటీ వంద మైళ్ళ దూరం. అయితే హారో జిల్లా బళ్ళకీ యూనివర్సిటీకీ ఒప్పందం ఉంది కాబట్టి, మంగళవారం మంగళవారం బడి వదిలాక అక్కడి ప్రొఫెసరు డాక్టర్ ఒడెట్ ప్రీస్ కారేసుకుని తనే వస్తుంది. పాఠం జరిగేది బడి లైబ్రరీలో, అక్కడున్నవన్నీ చిన్నపిల్లల కుర్చీలే. టీచర్లు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని పాఠం వింటారు.

ఆర్డిస్ పక్కన ఎప్పుడూ నాలుగో తరగతి టీచరు నెల్డా క్రౌస్ ఉంటుంది. ఆమెకీ ఈ మూడు క్రెడిట్లే మిగిలాయి.

"ఏమే, ఆ వ్యాసం రాశావా?" అని గుసగుసగా అడిగేది నెల్డా.

"రాశాను. నీది కూడా సగం రాశాను, సిగ్గు లేకుండా తీసుకో."

"నీ చేతి గుండ్రటి అక్షరాలు చూస్తే ఆవిడ పట్టేస్తుందే తల్లీ."

కోర్సు చివర డాక్టర్ ప్రీస్ ఒక్కొక్కరి గదికి వచ్చి, వాళ్ళు పాఠం చెప్పడం చూసి సంతకం పెడితేనే క్రెడిట్లు వస్తాయి. ఒప్పందంలో ఉన్న జిల్లాలో, టీచరు పేరున నమోదైన గదిలో చూడాలని కాగితం మీదుంది. నెల్డా గది బడికి పడమటి చివర. ఆర్డిస్ గది తూర్పు చివర. ఆ తూర్పున కంచె అవతల టిల్‌బర్న్ జిల్లా. దానికి యూనివర్సిటీతో ఏ ఒప్పందమూ లేదు.

మార్చి నెలాఖరుకి బడి గోడ కంచెకి తగిలింది. అవతలి పొలం రైతు తీగలు విప్పి దారిచ్చాడు. ఆ మర్నాటి నుంచి హెడ్మాస్టరు గస్ హోల్ట్‌గ్రెన్ పొద్దున్నే జిల్లా సరిహద్దు ఎక్కడికొచ్చిందో దారం పట్టి కొలిచి, ఆర్డిస్ గది నేల మీద సుద్దతో గీత గీసి వెళ్ళేవాడు. గీత రోజూ పడమటికి జానెడు వచ్చేది.

"మిస్ లూమిస్, నేను టిల్‌బర్న్‌లో ఉన్నాను. అక్కడ హోంవర్కు లేదు," అన్నాడు ముందు వరసలో వెండెల్.

అందరూ నవ్వారు. ఆర్డిస్ కూడా నవ్వి, తన బల్లని ఇంకో బారెడు పడమటికి లాక్కుంది.

గస్ దగ్గరికి వెళ్ళి అడిగింది. "మధ్యలో సంగీతం గది ఉందిగా, అది నా పేరున నమోదు చేయించరాదూ?"

"అర్జీ పంపాను ఆర్డిస్. జిల్లా వాళ్ళు చూడాలి, తర్వాత యూనివర్సిటీ వాళ్ళు చూడాలి. ఎనిమిది వారాలంటున్నారు."

"ఎనిమిది వారాలకి నేను టిల్‌బర్న్‌లో ఉంటాను."

గస్ బట్టతల నిమురుకున్నాడు. ఇంకేం చెయ్యగలడు? తూర్పు గోడకి భుజం ఆనించి ఆపలేడు కదా.

ఏప్రిల్ చివర ఒకరోజు నెల్డా కాఫీ కప్పుతో వచ్చి ఆ గీత పక్కన నిలబడింది. గీతకీ పడమటి గోడకీ మధ్య నాలుగడుగులుంది.

"ఆర్డిస్, మనం గదులు..." అని ఆగిపోయింది.

నమోదు గది నంబరు మీదే కాబట్టి, తలుపుల మీది నంబరు పలకలు మార్చేసుకుంటే చాలునని ఆర్డిస్‌కి ముందే తోచింది. మారిస్తే కంచె అవతల పడేది నెల్డా. ఆ మాట నెల్డా పెదవుల దాకా రావడం, వెనక్కి వెళ్ళిపోవడం ఆర్డిస్ చూసింది.

"కాఫీ చల్లారిపోతోంది, తాగు," అంది.

డాక్టర్ ప్రీస్ రావలసింది బుధవారం. మంగళవారం మధ్యాహ్నం మొదలైన వాన రెండు రోజులు వదల్లేదు. నది మీద వంతెన మూసేశారు. తడి ఇసుకలో బడి జానెడుకి బదులు మూరెడేసి జరిగింది. గురువారం గస్ వచ్చేసరికి ఆ గదిలో గీత గియ్యడానికి చోటే లేదు. వరండాలో గీసి, ఆర్డిస్ మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

శుక్రవారం డాక్టర్ ప్రీస్ బురద బూట్లతో వచ్చి గడప దగ్గర ఆగింది.

"పిల్లల్ని లైబ్రరీకి తీసుకొస్తాను," అంది ఆర్డిస్. "పది నిమిషాలు చాలు."

"అది మీ పేరున లేదమ్మా. నేను రాసినా వాళ్ళు కొట్టేస్తారు."

"మరి పాఠమైనా చూస్తారా?"

"చూస్తాను. కానీ ఏమీ రాయలేను."

ఆర్డిస్ భాగహారం చెప్పింది. ఎండు చిక్కుడు గింజలు పంచి, మిగిలినవాటిని ఏం చెయ్యాలో పిల్లల చేతే చెప్పించింది. అంత బాగా ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆ అరగంటలో డాక్టర్ ప్రీస్ పెన్ను మూత తియ్యలేదు. వెళ్ళేటప్పుడు ఆర్డిస్ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత వరండా చివరికి నడిచి నెల్డా పాఠం చూసి సంతకం పెట్టింది.

సంగీతం గదికి అనుమతి జూలై రెండో వారంలో వచ్చింది. అప్పటికి ఆర్డిస్ లైసెన్సు గడువు తీరి పన్నెండు రోజులైంది.

ఆగస్టులో బడి జరగడం ఆపి ఉన్నచోటే నిలిచిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు. బస్సు డ్రైవరు ఒక్కడే ఇక మలుపు మార్చక్కర్లేదని సంతోషించాడు. ఆ తూర్పు గదిలో టిల్‌బర్న్ వాళ్ళు మంచు తోసే పారలు పెట్టుకున్నారు. భోజనశాల మాత్రం ఇవతలే ఉండిపోయింది. వడ్డించడానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి ఆర్డిస్ అక్కడ చేరింది.

బడి తెరిచిన మొదటి వారం. జుట్టుకి వల టోపీ పెట్టుకుని ఆలుగడ్డ ముద్ద వడ్డిస్తోంది. నాలుగో తరగతి వరసలో వెండెల్ వచ్చి, ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తాడు.

"మిస్ లూమిస్, ఏడు ఎనిమిదులెంత?"

"మీ టీచర్ని అడుగు నాన్నా," అంది ఆర్డిస్.

వాడి వెనకే నెల్డా నిలబడి ఉంది. వేసవి నుంచీ ఆమె ఆర్డిస్‌తో సరిగా మాట్లాడిందే లేదు. ఇప్పుడు కూడా పళ్ళెంలోకే చూస్తూ అంది:

"టీచర్నే అడుగుతున్నాడుగా."