మంత్రి బ్రిసార్‌కి దుబాసీ

ఒక్తావ్ బ్రిసార్ డెట్రాయిట్ వస్తున్నాడని నేను పనిచేసే అనువాదాల ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసినప్పుడు నేను పప్పుకి తాలింపు వేస్తున్నాను. ఫ్రెంచి మంత్రిగారట, కార్మికుల హాల్లో ప్రసంగమట, దుబాసీగా వెళ్తావా అని అడిగారు. తాలింపు మాడిపోయింది. వెళ్తానన్నాను.

"నీకేమైనా పిచ్చా అక్కా?" అంది నా చెల్లెలు నవోమి. డెట్రాయిట్ పక్కనే ట్రాయ్‌లో వాళ్లింట్లోనే ఉంటున్నాను. "వాడి మొహం చూసి తట్టుకోగలవా? సిక్ అని కాల్ చేసి క్యాన్సిల్ చేసెయ్."

"నాలుగేళ్లుగా ఆ మొహం మళ్లీ చూద్దామనే బతికున్నాను నవోమీ. క్యాన్సిల్ చేయను."

మాది యానాం. ఆ ఊరు ఇండియాలో కలిసినప్పుడు మా కుటుంబాలు ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకున్నాయి. నా భర్త సామ్యూల్ ఉత్తర ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్లో, కార్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే పెయింట్ షాపులో పనిచేసేవాడు. బ్రిసార్ అప్పట్లో కుర్ర లాయరు. కార్మికుల పక్షమని ఊరంతా చాటుకునేవాడు. డెబ్భై ఏడులో వామపక్షం తరఫున మేయరుగా నిలబడ్డాడు. ఆ ఊళ్లో అరబ్బులకీ పోర్చుగీసు వాళ్లకీ ఓటు లేదు. యానాం, పాండిచ్చేరి వాళ్లం నలభై కుటుంబాలం, మాకుంది. ఆ సంగతి కనిపెట్టిన మొదటి నాయకుడు అతనే. మా వంటింట్లో కూర్చుని, చేపల పులుసు రెండోసారి వడ్డించుకుని, గెలిస్తే పెయింట్ షాపులో విషపు గాలి లాగేసే ఫ్యాన్లు పెట్టిస్తానని మాటిచ్చాడు.

"ఇంత తియ్యగా మాట్లాడేవాణ్ణి నేను నమ్మను లూసీ," అన్నాడు సామ్యూల్. నేను వినలేదు. ఇల్లిల్లూ తిరిగి ఓట్లు వేయించాను. అరవై ఓట్ల తేడాతో గెలిచాడు. అంటే మా ఓట్లతో గెలిచాడు.

మరుసటి ఏడు, ఫ్యాన్ల గొడవ ఆపకపోతే ఫ్యాక్టరీ మూసేస్తామని కంపెనీ బెదిరించింది. మేయరుగారు తనిఖీకి వచ్చి, లోపల గాలి బాగానే ఉందని సంతకం పెట్టి వెళ్లారు. ఆ కాగితాన్ని ఫ్యాక్టరీ గేటుకి అంటిస్తే నా కళ్లతో చదివాను. రెండేళ్లు దగ్గి దగ్గి సామ్యూల్ పోయాడు. బ్రిసార్ ఆసుపత్రికీ రాలేదు, సమాధి దగ్గరికీ రాలేదు. ఎనభై ఒకటిలో అతని పార్టీ అధికారంలోకి వచ్చింది, అతను మంత్రి అయ్యాడు. నేను ఆ ఊళ్లో ఉండలేక చెల్లెలి దగ్గరికి వచ్చేశాను.

ఇప్పుడు ఒక అమెరికన్ కంపెనీ చేత తన ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ పెట్టించుకోవాలని వచ్చాడు. ఇక్కడి యూనియన్ అడ్డుపడకుండా ముందు కార్మికులని మచ్చిక చేసుకోవాలి. అది దక్కితే ఎనభై ఆరు ఎన్నికల్లో అతనికి తిరుగుండదు. దక్కనివ్వకూడదు. నాకు కావలసింది అంతే. అతని మాటల్ని తప్పుగా అనువదించి నవ్వులపాలు చేద్దామనుకున్నాను.

హాల్లో మూడు వందల మంది ఉన్నారు. బ్రిసార్ నాతో చేయి కలిపాడు. గుర్తుపట్టలేదు. నా ఒళ్లు మండిపోయింది. రెండుసార్లు పులుసు పోయించుకున్న మనిషి.

ప్రసంగం అయ్యాక ముందు వరుసలోంచి ఒక నెరసిన జుట్టావిడ లేచింది. పాతికేళ్లుగా పెయింట్ షాపులో పనిచేస్తున్నానంది. మీ దేశంలో మాలాంటి వాళ్ల గతి ఏమిటని అడిగింది. బ్రిసార్ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు గొంతు తగ్గించాడు. "సామ్యూల్ అనే భారతీయ కార్మికుడు నా చేతుల్లోనే ప్రాణం విడిచాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను," అన్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు.

దుబాసీ పనిలో 'ఆయన అంటున్నాడు' అని చెప్పకూడదు. మాట్లాడే మనిషి తనే అయినట్టు 'నేను' అనాలి. అందుకని మైకులో ఇంగ్లీషులో నేనే చెప్పాను, సామ్యూల్ నా చేతుల్లోనే ప్రాణం విడిచాడని. నిజమే. నా చేతుల్లోనే విడిచాడు.

చప్పట్లు మోగాయి. నా భర్త చావుకి వచ్చిన ఆ చప్పట్లని వాడు తల వంచి అందుకున్నాడు. తప్పుగా అనువదించాలన్న ఆలోచన అక్కడితో పోయింది. వీడికి అబద్ధం దేనికి? ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు.

"ఇప్పుడు చెప్పేది మంత్రిగారి మాట కాదు, దుబాసీ మాట," అన్నాను మైకులో. "సామ్యూల్ నా భర్త. ఈయన ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. ఆ పెయింట్ షాపులో గాలి బాగుందని సంతకం పెట్టింది ఈయనే." అదే మాట అతనికి ఫ్రెంచిలోనూ వినిపించాను. హాల్లో ఎవరేమన్నా ఆయనకి తెలియజేయడం నా ఉద్యోగం.

అప్పుడు గుర్తుపట్టాడు. నవ్వు చెరగనీయకుండా నా వైపు వంగి, "లూసీ, ఇంకేమీ వాళ్లకి చెప్పకు. నీకేం కావాలో అడుగు, చేస్తాను," అన్నాడు.

నేను మైకు దగ్గరికి తీసుకుని ఇంగ్లీషులో చెప్పాను: "లూసీ, ఇంకేమీ వాళ్లకి చెప్పకు. నీకేం కావాలో అడుగు, చేస్తాను."

పెయింట్ షాపు ఆవిడ ఇంకా నిలబడే ఉంది. "సంతకం పెట్టావా, లేదా?" అంది. మర్యాద తగ్గకుండా ఫ్రెంచిలో అడిగాను. ఇక నా ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. మర్నాడు పోయింది కూడా. కంపెనీ వాళ్లతో అతని మీటింగూ పోయింది. ఆ ప్రశ్నకి బ్రిసార్ తన సెక్రటరీ వైపు చూశాడు. సెక్రటరీ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"పెట్టాను," అన్నాడు బ్రిసార్, పెదవి దాటీ దాటకుండా.

నాకు స్పష్టంగానే వినబడింది. కానీ మళ్లీ చెప్పమని అడిగే హక్కు దుబాసీకి ఉంది. "క్షమించండి మంత్రిగారూ, వినబడలేదు," అన్నాను. ఇంకాస్త గట్టిగా చెప్పాడు. "మైకులో చెప్పండి," అన్నాను. చెమట తుడుచుకుని, మైకు అందుకుని, మూడోసారి దాదాపు అరిచాడు. ఆ మొహం చూసిన మూడు వందల మందిలో ఒక్కరికీ అనువాదం అక్కర్లేకపోయింది. అయినా చేశాను. రెండుసార్లు.