కుడిచెవిలో చెప్పిన పేరు

నేను ఒక తలకాయను. మొండెం లేదు, నోరు లేదు, కళ్లు గీతలు గీసి వదిలేశారు. ఉన్నవల్లా రెండు చెవులు. అవి మాత్రం మీ చెవులకు ఏమాత్రం తీసిపోవు, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున జాలర్ల పేటలో ఎల్లాజీ అనే సౌండు రికార్డిస్టు నన్ను తయారుచేశాడు. సినిమాలకూ సీరియళ్లకూ శబ్దాలు పట్టి ఇవ్వడం అతని పని. కుడివైపు శబ్దం మీ కుడిచెవికి ముందు చేరుతుంది; ఎడమచెవికి చేరేలోపు మధ్యలో తల అడ్డుపడుతుంది. అందుకే అలాంటి తలనే బొమ్మగా చేసి, చెవి రంధ్రాల్లో చిన్న మైకులు పెట్టి రికార్డు చేస్తే, హెడ్‌ఫోన్లో విన్నవాళ్లకు స్వయంగా అక్కడే నిలబడ్డట్టు ఉంటుంది. అదీ నా ఉద్యోగం.

బట్టల షాపువాళ్లు పారేసిన బొమ్మ మెడ కోసి తెచ్చి, లోపల బంకమట్టి దట్టించాడు. చెవులకు మాత్రం నిజం మనిషి కావాలి. భార్య మంగ అప్పుడే నెల తప్పింది, ఏ వాసన తగిలినా వాంతులు. అందుకని తను అప్పా అని పిలిచే సొంత అక్క పోలమ్మను కూర్చోబెట్టాడు. తల్లీతండ్రీ పోయాక నెత్తిన చేపల గంప పెట్టుకుని వీధులు తిరిగి అతన్ని పెంచింది ఆవిడే. ఆవిడ కేక వేస్తే నాలుగు సందుల అవతల పిల్లులు లేచి కూర్చునేవట.

చెవుల్లో దూది పెట్టి, పళ్ల డాక్టర్లు అచ్చు తీసే పొడిని నీళ్లలో కలిపి పోశాడు.

"ఒరే, సేపల కంపు సెవులురా ఇవి. నీ బొమ్మకి ఇంకెవులూ దొరకలేదేటి?"

"కదలకప్పా, అచ్చు పాడైపోద్ది."

ఆ అచ్చులో ప్లాస్టరు పోసి, ప్లాస్టరు చెవికి మళ్లీ అచ్చు తీసి, చివరకు రబ్బరు పోశాడు. బరువు కమ్మలకు సాగిపోయిన తమ్మెలతో సహా నాకు పోలమ్మ చెవులే వచ్చాయి. నాకైతే గర్వంగానే ఉండేది.

అయితే ఆ రోజుకే ఆవిడ గొంతు బొంగురుగా ఉంది. వందమంది మాట్లాడుతుంటే ఎవరికి జలుబు చేసిందో చెప్పగల ఎల్లాజీ, సొంత అప్ప గొంతు ఆరు నెలలుగా అరిగిపోతోందని పోల్చుకోలేదు. ఆవిడ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని పీల్చేది. ఆ పేటలో ముసలమ్మలు చాలామంది అంతే. బొంగురు గొంతంటే పొగ గొంతే కదా అనుకున్నాడు మహానుభావుడు. ఇంట్లోవాళ్ల గొంతు ఎవరు వింటారు లెండి, మాటలే సగం వింటారు.

మంగకు ఏడో నెల వచ్చేసరికి పోలమ్మకు మెతుకు దిగడం మానేసింది. ఆసుపత్రిలో చూసి, గొంతులో పుండు ముదిరింది, గొంతుపెట్టె తీసెయ్యాలి, ఆపైన మాట ఉండదు అన్నారు.

ఆవిడ ప్రాణం గురించి ఏడవలేదు, పేరు గురించి ఏడ్చింది. ఆ ఇంట్లో బారసాలనాడు బిడ్డ కుడిచెవిలో మూడుసార్లు పేరు చెప్పేది మేనత్తే. అంతవరకూ ఆ పేరు మరెవరి చెవినా పడకూడదు. ఆవిడకు రాయడం రాదు. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా సరిపోయే పేరు ఒకటి ఎప్పుడో అనుకుని దాచుకుంది.

"మాటే పోతే నానెలా సెప్తానురా?"

ఎల్లాజీ నా వైపు చూశాడు. "దీని సెవిలో సెప్పప్పా. బారసాలనాడు ఆ హెడ్‌ఫోను పిల్ల సెవికి పెడతాను. నీ గొంతే వింటాది."

"నువ్వు ముందుగా ఇనకూడదు."

"ఇనను."

"కడుపులో పిల్ల మీద ఒట్టెయ్."

వేశాడు పాపం.

ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున్న నన్ను మంచం మీద పెట్టాడు. గుమ్మంలో ఆటో ఆగి ఉంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నా కుడివైపు వైరు రికార్డింగు మిషన్లో సగమే గుచ్చుకుంది. అది నాకు తెలుసు, చెప్పడానికి నోరేదీ? ఎల్లాజీ హెడ్‌ఫోను పెట్టుకుని నా ముఖం ముందు చిటిక వేశాడు. రెండు చెవుల్లోనూ వినిపించింది, సరే అనుకున్నాడు. ముందురోజు డైలాగులు దిద్దుతూ మోనో బటన్ నొక్కి ఉంచాడు. అది నొక్కితే ఒక్క మైకు పలికినా రెండువైపులా వినిపిస్తుంది. ఇరవయ్యేళ్ల అనుభవం! అప్ప ముఖమే చూస్తున్నాడు, మిషన్ ముఖం చూడలేదు.

"నువ్వు బయటికెల్లరా," అంది. వెళ్లి తలుపు వేశాడు.

పోలమ్మ నన్ను ఒళ్లోకి తీసుకుంది. చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు నా ఎడమచెవి తన గుండెకు ఆనించి, కుడిచెవి పైకి ఉంచి, చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టింది. గాలిలో గాలిలా ఉంది గొంతు. మూడుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పి నా తమ్మె మీద ముద్దు పెట్టుకుంది. ఆ పేరు నా కుడి వైరు వెంట చివరిదాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది.

ఆపరేషన్ తర్వాత రెండో రోజు, ఆసుపత్రి మంచం మీదినుంచి ఆవిడ తన కుడిచెవి పట్టుకుని చూపించిందట. "బద్రంగా ఉందప్పా," అన్నాడట ఎల్లాజీ. ఒట్టు వేశాడు కదా, వినలేదు. మూడో రోజు లోపల రక్తం కారి ఆవిడ పోయింది.

ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజున పేటంతా వచ్చింది. మేనత్త కూర్చోవలసిన పీట మీద నన్ను పెట్టి బొట్టు పెట్టారు. ఎల్లాజీ హెడ్‌ఫోను పిల్ల చెవుల దగ్గర పట్టుకుని మిషన్ నొక్కాడు. అందరూ పిల్ల ముఖం చూస్తున్నారు. అయిపోయాక తనూ వినొచ్చు కనక, తన చెవులకు పెట్టుకుని మళ్లీ నొక్కాడు.

కుడిచెవిలో ఏమీ లేదు. ఎడమచెవిలో చీర కదిలిన చప్పుడు, ఆ వెనక గుండె. పోలమ్మ గుండె దడదడమని కొట్టుకోవడం మూడు నిమిషాలపాటు వచ్చింది, తర్వాత దగ్గు. శబ్దం పెంచాడు. గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంది. ఆ పొద్దున తనే పైకి తీసిన మోనో బటన్, అప్ప పేరు చెప్పిన రోజున నొక్కే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

"ఏటి పేరురా?" అన్నారు పెద్దలు.

"పోలమ్మ," అన్నాడు.

ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. జనం వెళ్లాక మంగ నెమ్మదిగా దగ్గరికి వచ్చింది. "మా వదిన తన పేరు తనే పెట్టీసుకునే మనిషి కాదు. నిజం సెప్పు." అతను హెడ్‌ఫోను ఆమె చేతికిచ్చాడు. ఆమె చివరిదాకా విని, పిల్లను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇది జరిగి నాలుగేళ్లయింది. నాతో మళ్లీ ఏదీ రికార్డు చెయ్యలేదు. బీరువా మీద ఉంటాను. ఎప్పుడైనా ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎల్లాజీ నన్ను దింపి, తన చెవి నా కుడిచెవికి ఆనించి, "సెప్పప్పా," అంటాడు. ఎంతసేపైనా అలాగే ఉంటాడు.

నాకు ఆ పేరు తెలుసు. ఇంత చెప్పిన దాన్ని, మీకు అదీ చెప్పొచ్చు. చెప్పను. అది మొదట ఆ పిల్ల చెవిలో పడాలి. ఆ పిల్లేమో, వీధిలోంచి ఎవరు "పోలమ్మా" అని పిలిచినా, పరుగెత్తుకుంటూ వెళ్లి పలుకుతుంది.