తడవని పాదాలు

పవిత్ర గురువారం సాయంత్రం ఆరు గంటలకు పెద్దగుడిలో నీళ్లు తడపడం మానేస్తాయి.

ఆ సంగతి మొదట పసిగట్టేది ఇన్నాసమ్మ. గుడి ఊడ్చేదీ, ఇత్తడి పళ్లెం తోమేదీ, ఈ పూట చెంబు పట్టుకుని నిలబడేదీ ఆవిడే. ఏసు పన్నెండుమంది శిష్యుల పాదాలు కడిగినట్టే, బిషప్ శౌరయ్యగారు మోకరించి కాంట్రాక్టర్ జోజప్ప కుడిపాదం చేతిలోకి తీసుకుంటారు. ఇన్నాసమ్మ నీళ్లు పోస్తుంది. నీళ్లు పాదం దాకా వస్తాయి, కాస్త ఆలోచిస్తాయి, పక్కకు తప్పుకుని పళ్లెంలోకి దిగిపోతాయి. పాదం పొడిగానే ఉంటుంది.

తప్పు నీళ్లది కాదు. బిషప్ గారి చేతికి మట్టి అంటితే ఎంత అప్రతిష్ట అని, పాదాలు కడిగించుకునే పన్నెండుమందీ ఇంటి దగ్గరే సబ్బుతో రుద్దుకుని, పౌడరు కూడా అద్దుకుని వచ్చారు. ఆ గుడిలో అది ఎప్పటినుంచో మర్యాద. ఆ పన్నెండు కుర్చీలు దక్కినవాళ్లంతా గుడికి ఏదో ఒకటి ఇచ్చినవాళ్లే. ఒకాయన గంట ఇచ్చాడు, ఒకాయన ఏసీ పెట్టించాడు. బిషప్ గారు ఎక్కే తెల్లకారు జోజప్ప ఇచ్చిందే.

ఇన్నాసమ్మ చెంబు దించి బిషప్ గారి వంక చూస్తుంది. ముప్పై ఏళ్ల కిందట ఈ శౌరయ్యగారే కుర్ర ఫాదరుగా సైకిలు మీద ఆవిడ పల్లెకు వచ్చేవారు. నాట్ల రోజుల్లో ప్యాంటు మడిచి మడిలోకి దిగేవారు. గట్టు మీద వాళ్ల గిన్నెలోనే గంజి తాగేవారు. బిషప్ అయ్యాక వేలికి ఉంగరం వచ్చింది, వాకిట్లో కారు వచ్చింది, పల్లెకు రావడం ఆగిపోయింది. "మీ సాములోరు పెద్దోళ్లలో కలిసిపోయాడు" అని అందరూ ఎగతాళి చేస్తుంటే, "ఆయన మారలేదు. మారాడని తేలితే నేను గుడి మెట్టెక్కను" అని ఆవిడ నలుగురిలో మాట అనేసింది. ఆ మాట ఈ పూట తేలిపోయేలా ఉంది.

"మా పాదాలు అంత శుభ్రం బిషప్ గారూ, నీళ్లకు పనే లేదు. కానిచ్చేయండి," అంటాడు జోజప్ప.

"నీళ్లకు పని లేని చోట నాకేం పని?" అంటారు బిషప్ గారు.

ఆయన లేవరు. పళ్లెం పట్టుకుని మోకాళ్ల మీదే తలుపువైపు తిరుగుతారు. గుడి నడవ ఆయనకంటే ముందే బయలుదేరుతుంది. తలుపు దాటి, బస్టాండు దాటి, కాలువ వంతెన మీదుగా సాగిపోతుంది. నాపరాళ్లు వాటంతటవే పరుచుకుంటాయి. ఇదంతా రేపు తనే ఊడవాలి కదా అనుకుంటూ ఇన్నాసమ్మ చెంబుతో ఆయన వెంట నడుస్తుంది.

నడవకు రెండు పక్కలా బెంచీలు మొలుస్తాయి. ఇటుకబట్టీ నుంచి, చేపల మార్కెట్టు నుంచి నేరుగా వచ్చినవాళ్లు వాటి మీద కూర్చుని కాళ్లు చాపుతారు. ఇక్కడ నీళ్లు మామూలుగానే తడుపుతాయి. బిషప్ గారు ఒక్కొక్క వేలి సందునా రుద్ది కడుగుతారు, కడిగిన పాదాన్ని ముద్దుపెట్టుకుంటారు. ఎన్ని జతలు కడిగినా చెంబు ఖాళీ కాదు. వెనకాలే వస్తున్న తెల్లకారు వంతెన దగ్గర ఆగి, ముందుచక్రాలు మడుచుకుని మోకరిస్తుంది.

ఒకచోట ఉంగరం జారి పళ్లెంలో పడి చేపపిల్లయి ఈదడం మొదలుపెడుతుంది.

"ఉంగరం సామీ!"

"ఇన్నాళ్లకు దానికి నీళ్లు దొరికాయి. ఉండనీ."

నడవ ఇన్నాసమ్మ పల్లెలో, ఆవిడ గుమ్మం ముందు ఆగుతుంది. ఎగతాళి చేసినవాళ్లంతా అక్కడే నిలబడి ఉన్నారు. చివరి బెంచీ ఖాళీ.

"కూర్చో అక్కా," అంటారు బిషప్ గారు. ఆ పిలుపు విని ఆవిడకు చాలా ఏళ్లయింది.

"మరి చెంబెవురు పోత్తారు సామీ?"

"చెంబే పోసుకుంటుందిలే."

పగిలిన మడమల్లోకి నీళ్లు చల్లగా దిగుతుంటే ఆవిడ అడగకుండా ఉండలేకపోతుంది. "ఇన్నేళ్లూ రాలేదేం సామీ?"

"సిగ్గేసింది అక్కా. బిషప్‌ని చేసిననాడు ఈ బూట్లు తొడిగారు. అప్పటినుంచి ఊడడం లేదు. వీటితో నీ గుమ్మం ఎలా తొక్కను?"

"ఇటు ఇయ్యండి చూద్దాం."

ఇన్నాసమ్మ బెంచీ దిగి, కుడిబూటు రెండు చేతులా పట్టి లాగుతుంది. బూటు ఊడి వస్తుంది. లోపల పాదం లేదు. బురద ఉంది, చుట్టూ సన్నటి గట్టు, నడుమ అప్పుడే నాటిన నాలుగు వరుసల వరి. వంకరగా ఉన్న మూడో వరుసను ఆవిడ చూడగానే గుర్తుపడుతుంది. ముప్పై ఏళ్ల కిందట కుర్ర ఫాదరు నాటిన వరుస అది. అప్పుడు అందరూ నవ్వారు.

ఇన్నాసమ్మకు సంతోషంతో ఏడుపు ముంచుకొస్తుంది. బూటును పైకెత్తి పల్లెకంతటికీ చూపిస్తుంది.

"సూడండే! ఈయన కడుక్కోనేలేదు!"

ఆవిడ బూటు కింద పెట్టి, చీర ఎగ్గట్టుకుని, మోకాలి లోతున అందులోకి దిగుతుంది. పల్లె ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు దిగి వరుస కడతారు. బిషప్ గారు గట్టు మీద కూర్చుని నారుకట్టలు అందిస్తారు. చేపపిల్ల పళ్లెంలోంచి మడిలోకి దూకుతుంది. నడవ పొడుగునా నడిచి వచ్చిన జోజప్ప తన పౌడరు పాదాలు ఒకసారి చూసుకుని, తనకూ కాస్త జాగా ఉందా అని అడుగుతాడు.

"ఆగండి," అంటుంది ఇన్నాసమ్మ. "ఇంకోటి ఇప్పలేదు."

గట్టు మీద కూర్చున్న బిషప్ గారి కాలికి ఎడమబూటు ముడి వేసింది వేసినట్టే ఉంది. లోపల వాన కురుస్తోంది, కప్పలు అరుస్తున్నాయి.